తూటా పేలిన తర్వాత

2001లో హెచ్‌బీఓ ప్రసారం చేసిన రెండో ప్రపంచ యుద్ధ ధారావాహిక ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’లో అమెరికా సైనికాధికారి రిచర్డ్ వింటర్స్‌ను మించిన నిజాయతీపరుడు కనిపించడు. తాగుడు అలవాటు లేదు. తన మనుషుల కంటే ముందు తానే తూటాలకు ఎదురెళతాడు. పది భాగాల ఈ ధారావాహికలో నన్ను అన్నిటికన్నా కలచివేసిన చావు కూడా ఆయన చేతి మీదుగానే జరుగుతుంది. అమెరికా టీవీ యుద్ధ కథలు నేర్చిన గొప్ప విద్య ఇదే: చంపడమనే ప్రశ్నను చెడ్డవాడి ముందు పెట్టకుండా, అందరిలోకీ మంచివాడి ముందు పెడతాయి.

ఐదో భాగం ‘క్రాస్‌రోడ్స్’కు దర్శకుడు టామ్ హాంక్స్. 1944 అక్టోబరు, హాలండ్‌లో ఒక కరకట్ట. వింటర్స్ పాత్రధారి డేమియన్ లూయిస్ దళాన్ని వెనక వదిలేసి పొలానికి అడ్డంపడి పరుగెత్తి, ఒంటరిగా గట్టెక్కుతాడు. ఎదురుగా ఒక జర్మన్ సైనికుడు, మీసమైనా సరిగా రాని కుర్రాడు. చూపులు కలుస్తాయి. వింటర్స్ కాలుస్తాడు.

హాంక్స్ దీన్ని వరసగా చెప్పి ఊరుకోలేదు. ముందే పరుగునూ తూటానూ చూపించి, ఆ తర్వాత దాడి నివేదిక రాయడానికి వింటర్స్‌ను టైపురైటర్ ముందు కూర్చోబెట్టాడు. నివేదికకు కావలసింది ఎక్కడ, ఎప్పుడు, ఎంతమంది అన్న లెక్క. ముఖాలకు అందులో చోటుండదు. సెలవు మీద పారిస్ వెళితే, రైల్లో కనిపించిన అబ్బాయిలో మళ్లీ ఆ కుర్రాడే. సైనికంగా ఆ దాడి ఘనవిజయం, దాని వెనకే బెటాలియన్ స్థాయి పదవి వచ్చింది. వింటర్స్ తప్పు చేశాడని కథ ఎక్కడా అనదు. తప్పు కానంత మాత్రాన బరువు దిగదని మాత్రం చూపిస్తుంది.

అదే ధారావాహికలో మరో అమెరికా అధికారి స్పియర్స్ పాత్ర దగ్గర పద్ధతి వేరు. అతను జర్మన్ ఖైదీలకు సిగరెట్లు పంచుతాడు, తర్వాత కాల్పులు వినిపిస్తాయి. ఆపైన అంతా పుకారే, నోటికో లెక్క. అతను ఔననడు, కాదనడు. కళ్లారా చూడనిదాన్ని నమ్మాలా వద్దా అన్న బాధ్యత ప్రేక్షకుడి మీద పడుతుంది.

మంచివాడికే చిక్కుప్రశ్న పెట్టే ఈ దారి 1972–83 మధ్య నడిచిన టీవీ ధారావాహిక ‘మ్యాష్’ నాటికే ఉంది. కొరియా యుద్ధంలో సైనికులను అనవసరంగా చావుకు పంపుతున్న ఒక కర్నల్‌ను ఆపడానికి డాక్టర్ హాకై, ఆయనకు బాగున్న అపెండిక్స్‌ను కోసి తీసేస్తాడు. ప్రాణాలు కాపాడటానికే అయినా అది వైద్యం కాదని స్నేహితుడు బీజే ఎదురు తిరుగుతాడు. ఎవరిది గెలుపో తేల్చకపోవడమే ఆ భాగానికి విలువ.

‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ చివరి భాగంలో జర్మనీ లొంగిపోయింది. నిర్బంధ శిబిరం అధికారి అన్న అనుమానంతో ఒకణ్ణి చంపడానికి సైనికుడు లీబ్‌గాట్ బయల్దేరితే, వాడే అనడానికి రుజువేదని తోటి సైనికుడు వెబ్‌స్టర్ అడుగుతాడు. కథలో లీబ్‌గాట్ యూదుడు, అతని కోపం నాకు అర్థమవుతుంది. అయినా నేను వెబ్‌స్టర్ పక్షమే. పారిపోతున్న ఆ మనిషిని చివరికి మరో సైనికుడు కాల్చేస్తాడు. అతను నిజంగా దోషేనా అన్నది కథ మనకు చెప్పదు.