మధురపూడిలో దిగే విమానం ఎవరిది?

గత ఇరవై ఏళ్లలో రాజమండ్రి విమానాశ్రయమున్న మధురపూడి రన్‌వే చాలా రంగులు చూసింది. డెక్కన్, జెట్, స్పైస్‌జెట్, ట్రూజెట్, ఇప్పుడు ఇండిగో. వీటిలో డెక్కన్ కింగ్‌ఫిషర్‌తో కలిసిపోయింది, ఆ కింగ్‌ఫిషర్ లైసెన్సు 2012 అక్టోబరులో సస్పెండయింది. జెట్ 2019 ఏప్రిల్ 17న ఆగింది, ట్రూజెట్ 2022లో. కంపెనీ మూతపడ్డప్పుడు పేపర్లన్నీ అప్పుల గురించీ యజమాని గురించీ రాస్తాయి. విమానాలు ఏమయ్యాయని అడిగేవాళ్లు తక్కువ. చాలాసార్లు అవి ఆ కంపెనీవి కానే కావు. తోక మీద పేరు ఒకరిది, ఆస్తి ఐర్లండ్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న లీజు సంస్థది. లీజు ఒప్పందాల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది: కాక్‌పిట్‌లోనూ ఒక్కో ఇంజను మీదా అసలు యజమాని పేరున్న చిన్న లోహపు పలక బిగించాలి. ప్రయాణికుల కంటికి కనిపించని ఆ పలకకు మన దేశంలో బలం తెచ్చిన చట్టం 2025లో వచ్చింది. ఎంతో ఓపికగా, ముందుచూపుతో చేసిన పని అది.

దాని పేరు విమాన వస్తువులలో హక్కుల పరిరక్షణ చట్టం. రాజ్యసభ 2025 ఏప్రిల్ 1న, లోక్‌సభ 3న ఆమోదించాయి. బిల్లును సభల్లో నడిపింది మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు. మూలం మాత్రం 2001లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక. భారత్ 2008లోనే అందులో చేరింది. ఇక్కడ దానికి పూర్తి చట్టబలం రావడానికి మరో పదిహేడేళ్లు పట్టింది.

ఆ ఒడంబడికలో ముందు చూడవలసింది వస్తువులను విడదీసిన తీరు. విమానపు బాడీ ఒక వస్తువు, ఇంజను ఇంకో వస్తువు. జెట్ ఇంజనైతే కనీసం 1,750 పౌండ్ల థ్రస్టు ఉండాలి. ప్రొపెల్లర్ తిప్పే టర్బైన్ అయితే కనీసం 550 హార్స్‌పవర్. బాడీ అయితే సిబ్బందితో కలిపి ఎనిమిదిమందినో, 2,750 కిలోలు దాటిన సరుకునో మోయగలగాలి. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి వచ్చే ఏటీఆర్ 72 ఇంజను ఒక్కోటి రెండు వేల హార్స్‌పవర్ దాటుతుంది. అంటే ఆ ఒక్క విమానంలో చట్టానికి మూడు వస్తువులు కనిపిస్తాయి. ఇలా ఎందుకు విడదీశారో హ్యాంగర్‌లో పనిచేసేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఒక ఇంజను మరమ్మతుకు వెళితే మరో విమానం ఇంజను తెచ్చి బిగిస్తారు. అంతమాత్రాన దాని యజమాని మారిపోడు. దాని గుర్తు తయారీదారు వేసిన సీరియల్ నంబరే. దేశం మారితే వీటీతో మొదలయ్యే మన రిజిస్ట్రేషన్ అక్షరాలు పోతాయి, కంపెనీ మారితే రంగు పోతుంది, ఆ నంబరు పోదు. ఎవరి హక్కు ముందన్న ప్రశ్నకు డబ్లిన్ నుంచి నడిచే కంప్యూటర్ రిజిస్ట్రీ జవాబిస్తుంది. ముందు నమోదు చేసుకున్నవారిదే ముందు హక్కు.

ఇంత జాగ్రత్తగా కట్టినదానికీ మన 2016 దివాలా చట్టానికీ పొసగలేదు. ఆ చట్టంలో 14వ సెక్షన్ కింద, కేసు స్వీకరించిన రోజు నుంచి అప్పులవాళ్లెవరూ ఆస్తుల జోలికి రాకూడదు. ఉక్కు ఫ్యాక్టరీ విషయంలో ఇది మంచి నియమం. యంత్రాలు ఊడదీసుకుపోతే ఫ్యాక్టరీ బతకదు కదా. విమానాల సంగతి వేరు. గో ఫస్ట్ ఎయిర్‌లైన్ 2023 మే 2న తనంతట తానే దివాలా పిటిషన్ వేసింది, మే 10న కంపెనీ లా ట్రిబ్యునల్ స్వీకరించింది. దాంతో అద్దె అందకపోయినా లీజు సంస్థలు తమ విమానాలను తీసుకెళ్లలేకపోయాయి. నేల మీద నిలబెట్టిన విమానానికి రోజూ సంరక్షణ కావాలి, లేకపోతే విలువ కరిగిపోతుంది. కనీసం చూసుకోవడానికైనా వాళ్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. 2023 అక్టోబరు 3న కేంద్రం విమానాలను ఆ నిషేధం నుంచి తప్పిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దుకు హైకోర్టు ఆదేశం వచ్చేసరికి 2024 ఏప్రిల్ 26 అయింది. దీనికి భిన్నంగా 2019లో జెట్ ఆగినప్పుడు కేసు ట్రిబ్యునల్‌కు చేరడానికి రెండు నెలలు పట్టింది. ఆ వ్యవధిలో చాలా విమానాలు బయటపడ్డాయి, కొన్ని బోయింగులు స్పైస్‌జెట్, విస్తారా రంగుల్లో మళ్లీ ఎగిరాయి.

ఇచ్చిన ఆస్తి తిరిగి రాదేమోనన్న ఈ భయం మన డెల్టాలో కొత్తది కాదు. కౌలు కాగితం మీద పెడితే పొలం చేజారుతుందేమోనని ఆసామి నోటిమాట మీదే ఇస్తాడు. ఆ భయం ఖరీదు బ్యాంకు రుణం పుట్టని కౌలురైతు మోస్తాడు. విమానాల్లోనూ అంతే. ఇతర దేశాలకన్నా మన దగ్గర లీజు ఖర్చు 8 నుంచి 10 శాతం ఎక్కువని బిల్లు సందర్భంగా మంత్రే చెప్పారు. అది చివరికి చేరేది టికెట్ ధరలోకే.

కొత్త చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చింది దివాలా తీసిన కంపెనీకి ఇచ్చే రెండు నెలల గడువు. ఆలోగా బాకీలన్నీ తీర్చి, ఇకమీదట ఒప్పందం ప్రకారం నడుచుకుంటానని ఒప్పుకుంటే విమానం ఉంచుకోవచ్చు. లేదంటే అప్పగించాలి. ఆ రెండు నెలలూ విమానాన్ని ఒప్పందంలో ఉన్నట్టే కాపాడి, విలువ పడిపోకుండా చూడాలి. ఇక్కడ ఒక చిన్న మినహాయింపు ఉంది. దివాలా పిటిషన్ వేయడమే ఒప్పంద ఉల్లంఘన అని చాలా లీజుల్లో రాసి ఉంటుంది. ఆ ఉల్లంఘనను ఏ కంపెనీ సరిదిద్దుకోగలదు? అందుకే తీర్చవలసిన తప్పుల జాబితా నుంచి దాన్ని ఒక్కదాన్నే తీసేశారు. గడువు గురించి రాసిన పొడుగాటి వాక్యం మధ్యలో ఈ నాలుగు మాటలు లేకపోతే రెండు నెలల గడువు ఉత్తదే అయ్యేది. బతికే ఆశ నిజంగా ఉన్న కంపెనీకి దారి మూయకుండా, ఆశ లేని కంపెనీ దగ్గర విమానం తుప్పు పట్టకుండా చూశారు.

అప్పగింత కూడా ముందే సిద్ధం చేసి పెట్టారు. లీజు మొదట్లోనే ఎయిర్‌లైన్ వెనక్కి తీసుకోలేని అధికారపత్రం ఒకటి సంతకం చేసి ఇస్తుంది. అది చూపితే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 5 పనిదినాల్లో రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి.

ఇలాంటి చట్టం రాయడంలోనే కాదు, కంపెనీల విలీనాల్లోనూ నేర్పు ఉంటుంది. 2008లో స్టాక్ మార్కెట్లో ఉన్న డెక్కన్ ఏవియేషన్‌లో కింగ్‌ఫిషర్ వ్యాపారాన్ని కలిపి, ఆ కంపెనీకే కింగ్‌ఫిషర్ పేరు పెట్టారు. విదేశాలకు ఎగరాలంటే ఐదేళ్ల అనుభవం ఉండాలన్న నిబంధన ఉన్న రోజులవి. డెక్కన్‌కు ఆ ఆగస్టుతో ఐదేళ్లు నిండాయి, సెప్టెంబరులో కింగ్‌ఫిషర్ లండన్‌కు ఎగిరింది. నేర్పుగల పనే, ఒప్పుకోవాలి. కానీ అది కాగితాల మీది నేర్పే, మన ఊళ్లకు కొత్త విమానాలు తెచ్చేది కాదు.

విస్తారా 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలిశాక దేశీయ ప్రయాణికుల్లో దాదాపు పదింట తొమ్మిది వంతులు రెండు గ్రూపుల చేతిలోనే ఉన్నారు. కొత్తవాళ్లు రావాలంటే లీజు తప్ప దారి లేదు. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరి ఆఖరున ఆగిపోయింది, లీజు సంస్థలతో పేచీలతోనే. మధురపూడి రన్‌వే ఇప్పుడు 3,165 మీటర్లు, ఎయిర్‌బస్‌లూ దిగుతున్నాయి. ఇక్కడికి మరిన్ని కంపెనీలు రావాలంటే వాటికి విమానం అద్దెకిచ్చేవాడికి ధైర్యం ఉండాలి.

ఒక్క చోట మాత్రం చట్టం ఇంకాస్త ముందుకు జరిగి ఉండాల్సింది. ఒడంబడికలో చేరినప్పుడు భారత్ ఉద్యోగుల జీతాలకు, ప్రభుత్వ బకాయిలకు, మరమ్మతు చేసినవారికి లీజు సంస్థలకన్నా ముందు హక్కు అట్టేపెట్టింది. మంచి ఆలోచన. అయితే జీతాల హక్కు కంపెనీ ఎగవేత ప్రకటితమైన నాటి నుంచే లెక్కకొస్తుంది. కంపెనీ మూతపడే ముందు నెలల తరబడి జీతం లేకుండా పనిచేసిన మెకానిక్‌కూ గ్రౌండ్ స్టాఫ్‌కూ ఆ వెనకటి నెలలకు రక్షణ దొరకదు. ఇంజను సీరియల్ నంబరు దాకా ఆలోచించి రాసినవాళ్లు ఆ నెలలనూ లెక్కలోకి తేగలరు. మొదటి సవరణ అక్కడే జరగాలి.