‘మీల్ష్’ అంటే ప్రియమేనా?

మా చిన్నక్క కొడుకు లాత్వియా దేశంలో, రీగా నగరంలో చదువుకుంటున్నాడు. ఆమధ్య సెలవులకి వచ్చినప్పుడు వాడి వెంట ఓ లాత్వియన్-ఇంగ్లీషు నిఘంటువు కూడా వచ్చింది. మధ్యాహ్నం నిద్రపట్టక తిరగేస్తూంటే ‘మీల్ష్’ అనే విశేషణం దగ్గర ఆగిపోయాను. ఆడవాళ్ళ విషయంలో అది ‘మీల్యా’ అవుతుందిట. అర్థం ‘డియర్’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు నిఘంటుకారుడు.

నాకీ తేల్చడం నచ్చలేదు. డియర్ అన్నా, మన ప్రియం అన్నా ధర కూడా గుర్తొస్తుంది. ‘చింతపండు ప్రియమైపోయింది’ అంటాం, ‘ప్రియమైన అక్కయ్యకు’ అనీ రాస్తాం. వాళ్ళు ఖరీదుకి ‘దార్గ్స్’ అని వేరే మాట పెట్టుకున్నారు. దాన్ని మనుషులకీ వాడతారు గానీ, మీల్ష్ మాత్రం బజారు ముఖం చూడదు.

ఇంకో సంగతి. ప్రియమైనవాడు అంటే మనకిష్టమైనవాడనేగా! వాడు మనల్నెలా చూస్తాడో ఆ మాట చెప్పదు. మీల్ష్ అలా కాదు. ప్రేమ పొందేవాడూ మీల్షే, ప్రేమగా మసలేవాడూ మీల్షే. ఉత్తరంలో అమ్మకీ అదే మాట. ‘మీల్ష్ పల్దియెస్’ అంటూ కృతజ్ఞతకి కూడా కాస్త ప్రేమ అంటిస్తారు. క్రిష్‌యానిస్ బారన్స్ అనే ఆయన 1894 నుంచి 1915 దాకా అచ్చువేయించిన జానపద గీతాలు రెండు లక్షల పైచిలుకు. ఎక్కువగా నాలుగేసి పాదాలవే. వాటిలో మారా దేవత మీల్యా, సూర్యుడు మీల్యా. వాళ్ళకి సూర్యుడు ఆడది లెండి!

ఇంత మెచ్చుకున్నానా, ఒక్క నుడికారం దగ్గర మనసు చివుక్కుమంది. ‘మీల్యా మియెర లబద్’ట. ప్రియమైన శాంతి కోసం అని మాటకి మాట. అంటే, గొడవెందుకులెమ్మని తగ్గిపోవడం. జర్మనులకీ ఇలాంటిదే ఉంది. మా నిఘంటువు ‘శాంతి కోసం’ అని రాసి, మీల్యాని కాస్తా మింగేసింది. అసలు బాధంతా ఆ మాటలోనే కదండీ! తగ్గిన మనిషే ఆ శాంతిని ముద్దుచేయాలి కూడానూ.

పెళ్ళయిన రెండో ఏడు నా వీణ అటకెక్కింది. సాయంత్రాలు ఇంట్లో మోతగా ఉందన్నారు. నేనూ గొడవెందుకులే అనుకున్నాను. ధర ఎరగని మీల్ష్ ఇక్కడ నాకు చాలదు. రెండర్థాల మన ‘ప్రియం’ అయితేనే సరిపోతుంది. ఆ శాంతి నాకు నిజంగానే ప్రియమయింది.

వీణ ఇంకా అటకమీదే ఉంది. తీగలు మార్పించడానికి ఎంతవుతుందో కనుక్కు రమ్మని మావాణ్ణి నిన్న బజారుకి పంపాను.