గోడమీది పటము, నేలమీది పాఠము

మన ప్రాథమిక పాఠశాలలలో భూగోళపాఠము తరచుగా గోడకు వ్రేలాడు పటముతో ఆరంభమగును. ఉపాధ్యాయుడు బెత్తముతో చూపును. పిల్లలు నదుల పేర్లను, రాజధానుల పేర్లను ఏకకంఠముతో అప్పగింతురు. పాఠము ముగిసినట్లే తోచును. కాని వారు నేర్చినది భూగోళమా, పేర్ల పట్టికయా?

కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థులను నేనొకసారి నైలునది ఏ దిక్కునకు ప్రవహించునని అడిగితిని. పలువురు దక్షిణమునకనిరి. కారణమడుగగా, నీరు క్రిందికి పారును గదా, పటములో దక్షిణము క్రిందనున్నది గదా యనిరి. నిజమునకు నైలు ఉత్తరముగా ప్రవహించి మధ్యధరా సముద్రమున కలియును. ఈ పొరపాటునకు బాధ్యత విద్యార్థులది కాదు. పటమును గోడకు తగిలించి, ఉత్తరము 'పైన' అని నేర్పిన మనది. పటములోని పైభాగము వాడుక మాత్రమే. నేలమీది ఎత్తుపల్లములతో దానికి సంబంధము లేదు.

గోదావరినే చూడుడు. అది అరేబియా సముద్రమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున, నాసిక్ సమీపమందలి త్ర్యంబకమువద్ద పుట్టినది. అయినను ఆ సముద్రమునకు పోక, 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమును చేరుచున్నది. దక్కను పీఠభూమి తూర్పునకు వాలియుండుటయే ఇందుకు కారణము. ఈ వాలు గోడమీది పటములో పసివానికి కనబడదు. ఇసుకతో పీఠభూమిని కట్టించి, చెంబెడు నీరు పోయించినచో కనబడును.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. స్విట్జర్లండులోని ఇవెర్డన్‌లో 1805 నుండి 1825 వరకు నడచిన పెస్టలోజీ పాఠశాలలో పిల్లలను సమీపపు లోయకు తీసికొనిపోయి, అక్కడి బంకమన్ను తెప్పించి, తాము చూచిన లోయను బల్లలపై కట్టించెడివారు. పటము చూపుట ఆ పిమ్మటనే. 1807లో ఆ పాఠశాలను దర్శించిన ప్రసిద్ధ భూగోళశాస్త్రజ్ఞుడు కార్ల్ రిట్టర్ ఆ పద్ధతికి ఎంతో ఋణపడితినని ఒప్పుకొనెను.

సమీపమునుండి దూరమునకు పోవలెనను సూత్రమును మనమును అంగీకరించితిమి. 'మన ఊరు' అను పాఠములు వ్రాయుచున్నాము. కాని అచ్చులోని ఆ ఊరు ఎవరి ఊరు? తన ఊరి చెరువు గట్టెక్కక, పుస్తకములోని చెరువును వల్లెవేయు బాలునికి అదియు నైలునదివలె దూరమైనదే.

దిక్కులనుగూర్చిన పాఠమును అట్టిదే. సూర్యుడుదయించు దిక్కు తూర్పని చెప్పి ఊరకుందుము. సూర్యుడు సరిగా తూర్పున ఉదయించుట మార్చి, సెప్టెంబరు నెలల విషువద్దినములందే. జూన్ 21 ప్రాంతమున హైదరాబాదులో అది సుమారు 25 డిగ్రీలు ఉత్తరమునకు జరిగియుండును. బడి ఆవరణలో మీటరు కఱ్ఱను నిలువుగా పాతి, దాని నీడ అన్నిటికంటె పొట్టిగానున్నప్పుడు గీత గీయించిన, అదే ఉత్తర దక్షిణ రేఖ. ఒక హెచ్చరిక: ఏడాదిలో ఎక్కువ కాలము ఈ నీడ ఉత్తరమునకు పడును. కాని హైదరాబాదులో మే రెండవ వారమునుండి ఆగస్టు మొదటి వారమువరకు దక్షిణమునకు పడును. బడులు తెరచునది ఆ రోజులలోనే గనుక ఉపాధ్యాయుడు మోసపోరాదు. ఎందుకిట్లగునని పిల్లవాడడిగినచో, నిజమైన భూగోళపాఠము అక్కడ మొదలైనట్లే.

ఇన్ని పనులకు వ్యవధి యెక్కడిదని ఉపాధ్యాయులు అడుగవచ్చును. పరీక్షలు పేర్లనే అడుగుచున్నంతకాలము ఆ ప్రశ్న న్యాయమైనదే. కనుక పరీక్షయు మారవలెను. పది రాజధానుల పేర్లకు బదులు, తన తరగతి గదిని అడుగులతో కొలిచి పటము గీయుమని అడుగుడు. ఆ పటమును గీసిన బాలుడు గోడమీది పటమును చదువగలడు. అంతవరకు ఆ పటమును గోడనుండి దింపి, ఉత్తరమును ఉత్తరమునకే త్రిప్పి, నేలపై పరచుట మేలు.