క్రిస్మసు నాటకములో ఎవరికెన్ని మాటలు?



డిసెంబరు నెల వచ్చునప్పటికి మన గ్రామ సంఘములలో పని యెక్కువగును. గుడికి సున్నము వేయుట, రంగు కాగితముల తోరణములు కట్టుట, వెదురు బద్దలతో నక్షత్రము చేసి గడకెత్తుట, రాత్రివేళ డోలకు, కంజిర పట్టుకొని ఇంటింటికి పాటలు పాడుచు వెళ్ళుట, ఇవన్నియు మంచివే. వీటన్నిటికంటె మన యువకులు ఎక్కువ కష్టపడి సిద్ధపరచునది క్రిస్మసు నాటకము. పాస్టరుగారి ప్రసంగమును విమర్శించువారు సంఘములో అనేకులుందురు గాని నాటకమును విమర్శించువారు అరుదు. బాగుగా నటించిరా లేదా అని యడుగుదుము. సువార్తలో ఉన్నదే చూపించిరా అని యడుగము. ఈ రెండవ ప్రశ్ననే ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను.

మొదట నాటకము పక్షమున చెప్పవలసినది చెప్పెదను. చదువురాని తల్లులనేకులు బేత్లెహేము కథను పుస్తకములో చదివి కాదు, నాటకములో చూచి నేర్చుకొనిరి. గుడి గడప తొక్కని పొరుగువారును నాటకము చూచుటకు వచ్చి కూర్చుందురు. సంఘ చరిత్రలో ఇది క్రొత్త సంగతి కాదు. 1223లో ఇటలీ దేశమందలి గ్రెచ్చో అను గ్రామములో అస్సీసీ ఫ్రాన్సిసు తొట్టిని, గడ్డిని, ఎద్దును, గాడిదను తెప్పించి వాటి నడుమ క్రిస్మసు రాత్రి ఆరాధన జరిపించెను. ప్రభువు పుట్టినప్పటి పేదరికమును జనులు కన్నులార చూడవలెనని ఆయన కోరిక. గనుక కంటికి చూపుట తప్పు కాదు. ఏమి చూపుచున్నామనునదే ప్రశ్న.

ఇన్ని సంవత్సరముల సేవలో నేను పలు గ్రామములలో చూచిన నాటకములు ఇంచుమించు ఒకే తీరుగా నుండెను. తెర లేవగానే హేరోదు దర్బారు. సంఘములో మంచి కంఠము గలవానికే ఆ వేషము. పట్టణమునుండి అద్దెకు తెచ్చిన కిరీటము, జరీ అంగీ, కత్తి అతనికే. పద్యనాటకములోని దుర్యోధనునివలె మీసము మెలివేయుచు, రాగము తీయుచు, అడుగుకొక గర్జన చేయును. వన్సుమోరు అని కేకలు వచ్చును, మరల పాడును. ఇట్లు రాత్రి సగము గడచిన తరువాత మరియమ్మ వచ్చును. ముసుగు వేసికొని, బొమ్మను ఒడిలో పెట్టుకొని, తల వంచుకొని కూర్చుండును. ఆమెకు మాటలేమియు వ్రాయలేదు. ఇక గొఱ్ఱెల కాపరులు. వారు నవ్వించుటకు వచ్చినవారు. ఒకడు గొంగళి తల్లక్రిందులుగా కప్పుకొనును, ఒకడు గుఱ్ఱుపెట్టును, ఒకడు దూతను చూచి దయ్యమనుకొని పరుగెత్తి పడిపోవును.

ఇప్పుడు పరిశుద్ధ గ్రంథము తెరచి, అక్కడ ఎవరికెన్ని మాటలున్నవో లెక్కించుడి. హేరోదు నోటి మాటగా మత్తయి వ్రాసినది రెండవ అధ్యాయము ఎనిమిదవ వచనములోని ఒక్క ఆజ్ఞయే. అదియు అబద్ధము, పూజింతునని చెప్పి చంపదలచెను. ఆ రాజు మరణమును మత్తయి ఒకటి రెండు ముక్కలలో చెప్పి సాగిపోవును. మరియకో, లూకా మొదటి అధ్యాయములో 46 మొదలు 55 వరకు పది వచనముల కీర్తన ఉన్నది. అందులో ఆమె ఏమి పాడెను? దేవుడు బలవంతులను గద్దెలమీదనుండి దింపి దీనులను లేవనెత్తెననియు, ఆకలిగొన్నవారిని తృప్తిపరచి ధనవంతులను వట్టిచేతులతో పంపెననియు పాడెను. మన నాటకము చేసినదేమి? గద్దెను రంగస్థలము నడుమ వేసి, గద్దెలు కూలునని పాడిన స్త్రీ నోరు మూసినది. ఇది చిన్న పొరపాటు కాదు. సువార్తను బోర్లించుట.

జ్ఞానులు ముగ్గురని గాని రాజులని గాని మత్తయి చెప్పలేదు. సత్రపు యజమానుని లూకా పేర్కొననే లేదు. అయితే ఇటువంటివాటిని గూర్చి నేను వాదింపను. అవి కథకు హాని చేయవు. కాపరుల సంగతి అట్టిది కాదు.

మంద కట్టుట అననేమో మన రైతులకు చెప్పనక్కరలేదు. పైరు కోసిన చేనిలో ఎరువు కొరకు రాత్రియెల్ల గొఱ్ఱెలను నిలుపుదురు. కాపరి కఱ్ఱ చేతబట్టి, గొంగళి కప్పుకొని, తోడేలు వచ్చునో దొంగ వచ్చునో అని మేలుకొని యుండును. లూకా వర్ణించిన రాత్రి అట్టిదే. అతని కాపరులు నిద్రమత్తులో నుండలేదు, మెలకువగా కాయుచుండిరి. దూత మాట విని, వెళ్ళి చూతమని తమలో తాము చెప్పుకొని త్వరపడి వెళ్ళిరి. చూచినదానిని ప్రచురము చేసిరి. విన్నవారు ఆశ్చర్యపడిరి. దేవుని స్తుతించుచు తమ పనికి తిరిగి వెళ్ళిరి. పుట్టిన ప్రభువును గూర్చి మొదట ప్రకటించిన ప్రసంగీకులు వీరే. మొదటి ప్రసంగీకులను మనము విదూషకులను చేసితిమి.

ఇంకొక సంగతి గమనించుడి. మన నాటకములో హేరోదు గ్రాంథిక భాష మాటలాడును. కాపరి మన పేట భాష మాటలాడును. రాజు భాషకు చప్పట్లు, మన భాషకు నవ్వులు. ముందు వరుసలో కుర్చీలపై ఊరి పెద్దలు కూర్చుండి నవ్వుచుందురు. వెనుక చాపలమీద, పగలంతయు కూలి చేసి వచ్చిన మన తల్లిదండ్రులును నవ్వుదురు. తమ్మునే చూచి తామే నవ్వుకొనుచున్నామని వారికి తోచదు. చాపమీద కూర్చున్న పిల్లవాడు మాత్రము నేర్చుకొనును: గొప్పవారనగా కిరీటము పెట్టుకొని అరచువారు, తన తండ్రివంటివారు నవ్వులాటకు పనికివచ్చువారు. క్రిస్మసు రాత్రి, గుడి యెదుట, మన చేతులమీదుగా నేర్చుకొను పాఠమిది.

మన సంఘముల చరిత్ర ఈ పాఠమును ఒప్పుకొనదు. ఒంగోలు ప్రాంతమునకు సువార్త ఎవరిద్వారా వ్యాపించెను? 1866లో బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారము చేయువాడు. వ్యాపారము నిమిత్తము తిరిగిన గ్రామములలోనే తన వారికి ప్రభువును గూర్చి చెప్పెను. గొప్ప కరవు తరువాత 1878 జూలై 3న వేలుంపల్లె యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు పేద కూలీలు. బేత్లెహేము పొలములో జరిగినట్లే మన దేశములోను జరిగెను. కాపరిని చూచి నవ్వినయెడల పేరయ్యను చూచి నవ్వినట్లే.

యువకులు నాతో, హేరోదు లేనియెడల జనులు కూర్చుండరు అయ్యగారూ, అందురు. హేరోదును తీసివేయుమని నేను చెప్పుట లేదు. బేత్లెహేము పిల్లలను చంపించిన క్రూరుడు కథలో నుండవలసినదే. అయితే ఆ దృశ్యములో వినబడవలసినది రాజు గర్జన కాదు, తల్లుల యేడ్పు. నవ్వు కూడదనియు చెప్పుట లేదు. ఇంగ్లాండు దేశమున వేక్‌ఫీల్డు అను ఊరి పేరుతో 15వ శతాబ్దపు కాపరుల నాటకమొకటి కలదు. అందులో కావలసినంత నవ్వు ఉన్నది. ఒక దొంగ గొఱ్ఱెను దొంగిలించి ఉయ్యాలలో దాచి, తన బిడ్డయే అని బొంకును. ఆ నవ్వు దొంగను చూచి వచ్చునది. కాపరులు మాత్రము చలిని గూర్చి, పన్నులను గూర్చి, దొరల బలాత్కారమును గూర్చి గోడు చెప్పుకొని, చివరకు బాలుని యొద్దకు పండ్లును పిట్టయు బంతియు కానుకగా తెత్తురు. చూచువారు నవ్వుదురు, పిమ్మట మోకరించుటకు సిద్ధపడుదురు. నవ్వు ఎవరిమీదికి పోవుచున్నదో చూచుకొనిన చాలును.

కావున ఈ సంవత్సరము మన సంఘములు మూడు పనులు చేయవలెనని మనవి. మొదటిది, మరియ కీర్తనను మన యాడపిల్లలలో మంచి గొంతు గల యొకతెచే, మన రాగములో, పూర్తిగా పాడించుడి. రెండవది, కాపరి వేషము సంఘములో ఘనత గలవానికి, సాధ్యమైనయెడల నిజముగా మంద కాచువానికే ఇయ్యుడి. అతడు తన గొంగళితోనే, తన భాషతోనే రావలెను. నాటకపు చివరి మాట అతనిదై యుండవలెను. మూడవది, హేరోదు దర్బారు కొరకు చేయు అద్దె ఖర్చును తగ్గించి, ఆ సొమ్ము చలికి దుప్పటి లేనివారికి ఇయ్యుడి. దానికి కిరీటము అక్కరలేదు.

తొట్టిలో పరుండినవాడు ఎవరియొద్దకు మొదట తన దూతను పంపెనో మనము మరువకుందుము గాక. కాపరులు చూచి వచ్చి చెప్పిన మాట రెండువేల యేండ్లు దాటి మన పేట వరకు వచ్చెను. ఆ మాట చెప్పుటకు తగినవారము మనమే అని ప్రభువు మనకు ధైర్యమిచ్చును గాక. ఆమేన్.