అధివాస్తవిక చిత్రంలో ప్రతీక: నిఘంటువా, వ్యాకరణమా?

అధివాస్తవిక చిత్రాలను వివరించబూనిన వ్యాసాలలో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. గడియారం అంటే కాలం, చీమ అంటే క్షయం, మేక అంటే కామం అని వస్తువుకొక అర్థం కట్టి, వాటిని వరుసగా పేర్చి, చిత్రంలోని రహస్యం బయటపడిందంటారు. ఈ పద్ధతికి చిత్రంతో పని లేదు. అందులోని వస్తువుల జాబితా ఉంటే చాలు. మా అభ్యంతరం అక్కడే.

అందరికీ తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. సాల్వడార్ డాలీ 1931లో వేసిన ‘జ్ఞాపకాల స్థిరత్వం’ 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న పటం. మెత్తబడి జారిపోతున్న గడియారాలను చూసి ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని తలచుకున్నవారు చాలామంది. డాలీ మాత్రం తన ఆత్మకథలో, రాత్రి భోజనంలో తిన్న కామంబేర్ జున్ను మెత్తదనం నుంచి ఆ ఊహ పుట్టిందని రాసుకున్నాడు. (డాలీ మాటలను పూర్తిగా నమ్మమని మేము ఎవరికీ సలహా ఇవ్వం.) అయితే జున్నా, ఐన్‌స్టీనా అన్న వివాదంలో అసలు సంగతి మరుగున పడింది. పటంలో గడియారాలు నాలుగు. మూడు మెత్తనివి. నాలుగోది గట్టిగా, మూత పడి, బోర్లా ఉంది. చీమలు పట్టింది దానికే. కుళ్లడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపించేవాటిని విడిచి, లోహం లోహంగానే మిగిలిన దాన్ని చీమలు ముసిరాయి. ఇక్కడ అర్థం చీమలోనూ లేదు, గడియారంలోనూ లేదు. ఆ రెండింటి పొత్తులో ఉంది.

భాషలో ఇది రోజూ జరిగేదే. బెంగళూరు శివారు హూడిలో తెలుగూ కన్నడమూ ఒకే వీధిలో వినబడతాయి. ‘ఆడు’ అన్న మాట తెలుగువారి చెవికి ఆటకు సంబంధించిన క్రియ. కన్నడంలో ఆ అర్థంతో పాటు మేక అనే అర్థమూ ఉంది. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో తెలియకుండా ఆ ఒక్క మాటకు అర్థం చెప్పేవాణ్ణి భాషావేత్త అనం. వ్యంగ్యార్థం స్ఫురించడానికి వక్త, శ్రోత, సందర్భం, దేశం, కాలం వంటివి కారణాలని మమ్మటుడు ఏనాడో లెక్కపెట్టాడు. కావ్యానికి ఒప్పుకున్న ఈ నియమాన్ని పటం ముందు నిలబడగానే ఎందుకు మరిచిపోతామో మాకు అంతుపట్టదు.

మేక ప్రసక్తి వచ్చింది గనుక కె. లక్ష్మా గౌడ్ దగ్గరికి వద్దాం. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద చదువుకున్న ఈ చిత్రకారుడు 1960ల చివర, 70లలో చేసిన రేఖాచిత్రాలనూ ఎచింగులనూ విమర్శకులు అధివాస్తవికమనే పేరుతోనే చర్చిస్తూ వచ్చారు. మనిషి, మేక, చెట్టు, గుడిసె ఒకదానిలోకి ఒకటి పెనవేసుకుపోతాయి. వెంటనే ఫ్రాయిడ్‌ను పిలుస్తారు. కానీ ఫ్రాయిడ్ పద్ధతి దాచినదాన్ని వెలికితీసే పద్ధతి. ఈ చిత్రాలలో కామం దాగి లేదు. నిస్సంకోచంగా పైపొరలోనే ఉంది. కనబడుతున్నదాన్నే రహస్యమని చూపించడం వ్యాఖ్యానం కాదు.

మరి అడుగున ఉన్నదేమిటి? ఐరోపా చూపరికి కొమ్ముల మేక సాటిర్‌నో సైతానునో గుర్తుకు తెస్తుంది. తెలంగాణ పల్లెలో మేక ఇంటి మనుషుల మధ్యనే పెరిగే జీవం, ఇంటి ఆస్తి. పోచమ్మకు మొక్కు చెల్లించేనాడు బలి కూడా అదే. పెంచిన చెయ్యే అప్పగిస్తుంది. మనిషి దేహాన్నీ మేక దేహాన్నీ ఒకే సన్నని గీత చుట్టివచ్చినప్పుడు మాకు తోచేది కోరిక ఒక్కటే కాదు, ఈ చుట్టరికం కూడా. పైగా ఎచింగులో ఆ గీత లోహపు రేకు మీద ఆమ్లం కొరికిన గీత. కాగితం మీదికి వచ్చేసరికి కుడి ఎడమ అవుతుంది. కుడి పక్క పురుషుడనీ ఎడమ పక్క స్త్రీ అనీ పక్కలకు సైతం అర్థాలు కట్టేవారు ఈ సంగతి తెలుసుకుని మొదలుపెడితే మంచిది.

తరువాతి కాలంలో గౌడ్ రంగులకూ గాజు మీద చిత్రాలకూ మట్టి బొమ్మలకూ వచ్చాడు. మేక ఆయనను విడవలేదు. మునుపటి ఉద్రిక్తత తగ్గి, మేక నెమ్మదించింది. మేక అంటే కామం అని ఒకసారి రాసిపెట్టుకున్న నిఘంటువులో ఈ నెమ్మదించిన మేకకు చోటు లేదు.