నీలం చెప్పే లీకు లెక్క

ఎలుక శ్వాసనాళంలో రక్తనాళాలు ఎంత లీకవుతున్నాయో కొలవడానికి మా ల్యాబ్‌లో ఇప్పటికీ ఇవాన్స్ బ్లూనే వాడతాం. పాత పద్ధతి. తోక సిరలోకి ఎక్కించిన ఆ రంగు రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అల్బుమిన్ నాళం గోడను అంత తేలిగ్గా దాటదు. కాబట్టి కణజాలం నీలంగా మారిందంటే అక్కడ గోడ సడలినట్టే.

ఇందులో అసలు పనితనమంతా కడగడంలో ఉంది. మత్తులో ఉన్న ఎలుక గుండె గుండా సెలైన్ పంపి, నాళాల్లో మిగిలిన రక్తాన్ని తీసేయాలి. ఒత్తిడి పెంచి తోస్తే లీకును మనమే పుట్టించినట్టవుతుంది. బయటికొచ్చే నీరు తేటపడేదాకా ఆగాలి. లేకపోతే నాళం లోపలి నీలం కూడా లీకు లెక్కలో కలిసిపోతుంది. ఆ తర్వాత శ్వాసనాళాన్ని తీసి, తడి అద్ది, తూచి, ఫార్మమైడ్‌లో నానబెడితే రంగు దిగుతుంది. 620 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తాం. నానబెట్టే ముందు కాసేపు చూడటం నాకిష్టం. మృదులాస్థి ఉంగరాల నడుమ, సన్నని సిరలుండే చోట నీలం చిక్కగా ఉంటుంది.

అక్కడ గోడ చిరగదు. 1961లో మైనో, పలాడే అనే పరిశోధకులు ఎలుకలకు హిస్టమిన్ ఇచ్చి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసింది ఇదే: నాళం గోడలో పక్కపక్కనున్న కణాల మధ్య సందులు తెరుచుకున్నాయి. సిగరెట్ పొగ, ఓజోన్, ఆస్తమాలో గుమిగూడే ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల వల్ల పుట్టే సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఆక్సిడెంట్లు కూడా ఈ అతుకుల మీదే పనిచేస్తాయి. కణాలను కలిపి ఉంచే క్యాడ్‌హెరిన్ పట్టు వదులుతుంది, లోపలి యాక్టిన్ పోగులు కణాన్ని ముడుచుకునేలా లాగుతాయి. ప్లాస్మా బయటికొస్తుంది, శ్వాసనాళం గోడ ఉబ్బుతుంది, గాలి దారి ఇరుకవుతుంది.

అయితే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మింగితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. వాటితో ఆస్తమా అదుపులోకి వస్తుందన్న గట్టి రుజువు లేదు. పైగా క్రిములను చంపడానికి తెల్ల రక్తకణాలు వాడే ఆయుధాలు కూడా ఈ ఆక్సిడెంట్లే. వాటిని పూర్తిగా తుడిచేయాలనుకోవడం తప్పని నా అభిప్రాయం.

హిస్టమిన్ తెరిచిన సందులు కాసేపటికి వాటంతటవే మూసుకుంటాయి. నాకు ధైర్యమిచ్చే విషయం ఇదే. రోజూ పొగ తగిలే ఊపిరితిత్తులకు ఆ వ్యవధి దొరకదు. అందుకే పొగ మానమని అంత గట్టిగా చెబుతాను. ఆస్తమా ఉండి, ఊపిరి తేలికపడగానే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పక్కన పెట్టేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. రిలీవర్ ఇన్‌హేలర్ శ్వాసనాళం కండరాన్ని మాత్రమే వదులు చేస్తుంది. గోడలోని వాపును, లీకును తగ్గించేది స్టెరాయిడే.