విస్తరి దగ్గర మొదలైన లెక్క

మన ఇళ్లలో పెళ్లి ఖర్చు అంచనా వేసేటప్పుడు పెద్దలు ముందుగా డబ్బు ఊసెత్తరు. "ఎన్ని విస్తళ్లు లేస్తాయి?" అని అడుగుతారు. విస్తళ్ల సంఖ్య తేలితే బియ్యం ఎన్ని బస్తాలో, కందిపప్పు ఎంతో, నెయ్యి ఎన్ని డబ్బాలో తేలుతుంది. తరువాత వంటవాళ్లు, పందిరి, గాడిపొయ్యి. చిట్టచివర కాగితం కింద గీత గీసి మొత్తం వేస్తారు. ఆ మొత్తం చూసి ఇంటాయన గుండె గుభేలుమంటుంది. అయినా సొమ్ము ఎక్కడినుంచి తేవాలన్నది ఇంకో కాగితం.

వ్యాపారులు ప్రభుత్వానికి పంపే వినతిపత్రాల్లో ఈ వరుస కనబడదు. చిన్న పరిశ్రమల సంఘం ఒకదానికి కొన్నేళ్లపాటు బడ్జెట్ ముందు మెమొరాండాలు రాసిపెట్టినవాణ్ని కాబట్టి ఈ మాట చెప్పగలను. మొదటి పేరాలో దేశాభివృద్ధి, రెండో పేరాలో మా రంగం కష్టాలు, మూడో పేరా నుంచి అసలు సరుకు. సుంకం తగ్గించండి, కరెంటు చార్జీ తగ్గించండి, ఓవర్‌టైమ్ నిబంధన సడలించండి. అడగడంలో తప్పేమీ లేదు, షెడ్డు నడిపేవాడి బాధ వాడికి తెలుసు. కానీ నేను రాసిన ఏ కాగితమూ దేశంలో ఒక మనిషికి రోజుకు ఎంత తిండి కావాలన్న ప్రశ్నతో మొదలుకాలేదు. అందుకే ఆ ప్రశ్నతో మొదలైన పారిశ్రామికవేత్తల పత్రం ఒకటి చేతికొచ్చినప్పుడు పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. దాని అసలు పేరు భారత ఆర్థికాభివృద్ధి ప్రణాళికను సూచించే సంక్షిప్త మెమొరాండం. 1944 జనవరిలో మొదటి భాగం బయటికొచ్చింది. జనం బొంబాయి ప్రణాళిక అన్నారు, టాటా-బిర్లా ప్లాన్ అని కూడా అన్నారు.

ఎనిమిది సంతకాలున్న పత్రం అది. జె.ఆర్.డి. టాటా, ఘనశ్యామదాస్ బిర్లా, పత్తి వ్యాపారంలో పండిపోయిన పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్, ఢిల్లీ క్లాత్ మిల్స్ లాలా శ్రీరామ్, అహమదాబాదు మిల్లుల కస్తూర్‌భాయి లాల్‌భాయి, టాటా సంస్థల నుంచి అర్దేశిర్ దలాల్, ఎ.డి. ష్రాఫ్, జాన్ మథాయి. వీళ్లలో కొందరికి ఒకరితో ఒకరికి వ్యాపారంలో పోటీ. 1942 డిసెంబరులో ఈ పని మొదలుపెట్టారు. అప్పటికి క్విట్ ఇండియా పిలుపుతో కాంగ్రెస్ నాయకులు జైళ్లలో ఉన్నారు. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో, స్వాతంత్ర్యం ఏ రూపంలో వస్తుందో ఎవరికీ తెలియదు. ముసాయిదా నడుస్తున్న 1943లోనే బెంగాల్లో కరువు లక్షల మందిని మింగింది. తిండి గురించిన లెక్కతో పత్రం మొదలైందంటే, ఆ ఏడాది దేశంలో ఏం జరిగిందో గుర్తుపెట్టుకుని చదవాలి.

ముసాయిదా పనిలో ఎక్కువ భాగం జాన్ మథాయిది. ఆయన నేపథ్యం తెలిస్తే పత్రం తీరు తెలుస్తుంది. కేరళ క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మద్రాసులో చదివి, లండన్‌లో బ్రిటిష్ ఇండియాలోని గ్రామ పాలన మీద పరిశోధన చేశారు. 1915లో అది పుస్తకంగా వచ్చింది. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రం బోధించారు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆ తరువాతి ఉద్యోగం. సుంకాల బోర్డులో సభ్యుడిగా, ఆపైన అధ్యక్షుడిగా ఏళ్ల తరబడి కూర్చున్నారు. విదేశీ సరుకు నుంచి రక్షణ కావాలని ఒక్కో పరిశ్రమ తెచ్చే లెక్కలను బల్లకు అవతలివైపు నుంచి వినడం, గిచ్చి చూడడం ఆయన పని. ఏ అంకె ఎక్కడ ఉబ్బుతుందో, ఏ మాట వెనక ఏ స్వార్థం నక్కి ఉంటుందో అంతగా ఎరిగినవాడు తానే వ్యాపారుల తరఫున కలం పడితే ఎలా రాస్తాడో ఈ పత్రం చూపిస్తుంది.

ఇక విస్తరి దగ్గరికి వస్తాను. మనిషికి రోజుకు సుమారు 2,600 క్యాలరీల సమతుల ఆహారం కావాలని, వృథా పోయేది కలుపుకుంటే 2,800 అని పత్రం నిర్ణయించింది. వెంటనే బట్ట. తలకు ఏడాదికి 30 గజాలు. ఆరు గజాల చీరలైతే అయిదు. ఆ వెంటనే ఇల్లు. మనిషికి 100 చదరపు అడుగులు, అంటే పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. ఒక నులకమంచం, ఒక ట్రంకు పెట్టె, నీళ్లకుండ పెట్టుకుని కాళ్లు చాపుకునేంత జాగా. ఆపైన ప్రతి ఊరికీ ఒక వైద్యశాల, అందులో డాక్టరు, నర్సులు. పిల్లలకు బడి, పెద్దలకు అక్షరాలు. ఇవేవీ విలాసాలు కావు, మనిషి అనిపించుకోవడానికి కావలసిన అడుగుమట్టం అని పత్రం ఉద్దేశం.

ఈ అడుగుమట్టానికి ఖరీదు కట్టారు. యుద్ధానికి ముందటి ధరల్లో తలకు ఏడాదికి సుమారు 74 రూపాయలు తేలింది. దాని పక్కనే దేశంలో ఉన్న సగటు ఆదాయం పెట్టారు. 65 రూపాయలు. ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టడమే ఈ పత్రంలో నన్ను కట్టిపడేసిన పనితనం. దేశ ఆదాయాన్నంతా చిల్లిగవ్వ తేడా లేకుండా అందరికీ సమంగా పంచినా కడుపు నిండదన్న సంగతి ఒక్క విశేషణం లేకుండా తేలిపోయింది. దారిద్ర్యం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు, కన్నీళ్లు పెట్టించలేదు. తొమ్మిది రూపాయల లోటు చూపించి ఊరుకున్నారు.

సగటు అంటే సగటే. ఒకరికి వందలు వస్తే ఇంకొకరికి పాతిక రాదు. కాబట్టి 74 దగ్గర ఆగితే చాలదని, పదిహేనేళ్లలో తలసరి ఆదాయాన్ని రెట్టింపు చేసి 135 రూపాయల దరిదాపుల్లోకి తేవాలని గురి పెట్టారు. ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. జనాభా ఏడాదికి 50 లక్షల చొప్పున పెరుగుతుందని లెక్కలోకి తీసుకున్నారు. పెరిగే జనాన్ని కలుపుకుంటే తలసరి రెట్టింపు కావడానికి దేశం మొత్తం ఆదాయం మూడింతలు కావాలి. 2,200 కోట్ల నుంచి 6,600 కోట్లకు. అందులో వ్యవసాయం 1,166 కోట్ల నుంచి 2,670 కోట్లకు, పరిశ్రమ 374 నుంచి 2,240కి, సేవలు 484 నుంచి 1,450కి పెరగాలి. వ్యవసాయం పెరుగుతూనే మొత్తంలో దాని వాటా 53 శాతం నుంచి 40కి తగ్గుతుంది, పరిశ్రమ వాటా 17 నుంచి 35కి చేరుతుంది. నాగలి వదిలేయమని ఎవరికీ చెప్పలేదు. నాగలి మీద పడ్డ భారం తగ్గించాలన్నారు.

తరువాత ఖర్చు పట్టిక. పరిశ్రమలకు 4,480 కోట్లు, వ్యవసాయానికి 1,240, రవాణాకు 940, చదువుకు 490, ఆరోగ్యానికి 450, ఇళ్లకు 2,200, ఇతరములు 200. పెన్సిల్‌తో కూడి చూశాను. సరిగ్గా 10,000 కోట్లు. పెళ్లి చిట్టాలో చివరన రాసే "పై ఖర్చులు" వరుస ఇక్కడా ఉన్నందుకు ముచ్చటేసింది. ఈ సొమ్మంతా ఒక్కసారిగా గుమ్మరించరు. మొదటి అయిదేళ్లు 1,400 కోట్లు, రెండో అయిదేళ్లు 2,900, మూడో అయిదేళ్లు 5,700. ప్రతి మెట్టూ కింది మెట్టుకు దాదాపు రెట్టింపు. ముందు మెట్లలో కట్టిన కరెంటు, ఉక్కు, యంత్రాల కర్మాగారాలే పై మెట్టు మోయాలి కాబట్టి ఆ వరుస. ఈలోగా జనానికి కావలసిన వాడుక సరుకులను వీలైనంత వరకు చిన్న, కుటీర పరిశ్రమలు తయారుచెయ్యాలన్నారు. వాటికి పెట్టుబడి తక్కువ, పని దొరికే చేతులు ఎక్కువ. పెద్ద మిల్లుల యజమానులు ఈ మాట రాశారు.

సొమ్ము ఎక్కడినుంచి అన్న రెండో కాగితం ఇంకా నిక్కచ్చిగా ఉంది. ఇళ్లలో దాచిన బంగారం వగైరా నుంచి 300 కోట్లు, విదేశీ వ్యాపార మిగులు 600, విదేశీ అప్పు 700, స్టెర్లింగ్ నిల్వలు 1,000. స్టెర్లింగ్ నిల్వలంటే యుద్ధంలో బ్రిటన్ మన దగ్గర సరుకు తీసుకుని, లండన్ ఖాతాలో రాసిపెట్టిన బాకీ. దానికి బదులుగా ఇక్కడ నోట్లు అచ్చయ్యాయి, ధరలు మండాయి. యుద్ధం ముగిశాక ఆ బాకీ 1,700 కోట్ల పైచిలుకు తేలింది. బాకీ ఎగ్గొట్టే ఆలోచనలు లండన్‌లో నడుస్తున్న రోజుల్లోనే, ఇది మా దేశాభివృద్ధికి రావలసిన సొమ్మని పద్దులో రాసి చూపడం ఎంత నిబ్బరమైన పనో ఆలోచించండి.

దేశంలోని పొదుపు నుంచి 4,000 కోట్లు. అయినా ఇంకా 3,400 కోట్లు తక్కువ. దాన్ని కొత్తగా సృష్టించిన సొమ్ము అని పేరు పెట్టి మరీ పట్టికలో రాశారు. నోట్లు అచ్చువేసే మాటను ఇంకో పేరు చాటున దాచలేదు. దాని ఫలితాన్నీ దాచలేదు. కొంతకాలం సరుకు కంటే సొమ్ము ఎక్కువవుతుంది, ధరలు తన్నుకొస్తాయి, కాబట్టి ఆర్థిక జీవితంలో దాదాపు ప్రతి మూలనూ ప్రభుత్వం అదుపులో పెట్టాలి, వ్యక్తి స్వేచ్ఛా వ్యాపార స్వేచ్ఛా తాత్కాలికంగా మరుగున పడతాయి అని ఒప్పుకున్నారు. దానికి వాళ్లు వాడిన పోలిక గ్రహణం. నా మెమొరాండాల్లో ఒక్కదానిలోనూ, మేమడిగింది ఇస్తే మాకూ ఇంత నష్టం ఉంటుంది అన్న వాక్యం లేదు. అలాంటి వాక్యం ఒక్కటి ఉంటే మిగతా అంకెలకు ఎంత బలం వస్తుందో ఇది చదివాకే తెలిసింది.

లోపాలు లేవనను. వ్యవసాయం దిగుబడి పదిహేనేళ్లలో 130 శాతం పెరగాలంటూ దానికి కేటాయించింది మొత్తంలో ఎనిమిదో వంతు. చిన్న కమతాలను సహకార సేద్యం కిందికి తేవాలని, అవసరమైతే కొంత బలవంతం కూడా తప్పదని రాశారు. తండ్రి ఇచ్చిన అరెకరం గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే దేశంలో ఆ బలవంతం ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు? ఉక్కు గురించి రాసేటప్పుడున్న పట్టు మట్టి గురించి రాసేటప్పుడు లేదు. కేంద్రంలో పూర్తి ఆర్థిక స్వేచ్ఛ ఉన్న జాతీయ ప్రభుత్వం, ఒకే దేశం అన్న ఊహ మీద కట్టడమంతా నిలబడింది. మూడేళ్లకే దేశం రెండయింది.

అయినా ఆ పత్రం చర్చకు గట్టి అరుగు వేసింది. అదే ఏడాది ఎం.ఎన్. రాయ్ వర్గం కార్మికుల తరఫున 15,000 కోట్లతో ప్రజా ప్రణాళిక తెచ్చింది. శ్రీమన్నారాయణ్ అగర్వాల్ గాంధేయ ప్రణాళిక రాశారు. ముగ్గురూ పోట్లాడుకున్నారు, కానీ అంకెలతో పోట్లాడుకున్నారు. వైస్రాయి కౌన్సిల్లో ప్రణాళిక, అభివృద్ధి శాఖ ఏర్పడినప్పుడు దాన్ని చూసింది సంతకందారుల్లో ఒకరైన దలాలే. మథాయి స్వతంత్ర భారత ఆర్థికమంత్రి అయ్యారు. ప్రణాళికా సంఘం అధికార పరిధి మీద విభేదించి 1950లో పదవి వదిలారు. ష్రాఫ్ 1956లో ఫోరం ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ స్థాపించి నియంత్రణలకు ఎదురు నిలిచారు. మాట మార్చారని కొందరంటారు. గ్రహణం తాత్కాలికమని రాసినవాళ్లు అది ఎప్పుడు విడుస్తుందని అడగడంలో నాకు మాట మార్పు కనబడదు.

మొదటి భాగంలో సంపద పెంచడం గురించే ఉంది, పంచడం ఏదీ అని విమర్శకులు నిలదీశారు. ఆ సంగతి తరువాత చూస్తామని మొదటి భాగంలోనే మాటిచ్చారు. ఏడాది తిరక్కుండా రెండో భాగంతో నిలబెట్టుకున్నారు. అందులో భూమి గురించిన మాట మన కృష్ణా, గోదావరి, విశాఖ జిల్లాల పాఠకుడికి దగ్గరగా తగులుతుంది. జమీందారీ పోయి రైత్వారీ రావాలన్నారు. మద్రాసు శాసనసభ ఆ పని 1948 చట్టంతో మొదలుపెట్టింది. ప్రభుత్వం పరిశ్రమలకు యజమాని కావడం కంటే వాటిని అదుపు చెయ్యగలగడం ముఖ్యమన్నారు. ఆదాయాన్ని బట్టి పెరిగే పన్ను, వారసత్వ ఆస్తి మీద పన్ను, కంపెనీల వాటాలు నలుగురి చేతుల్లోకి వెళ్లడం, కర్మాగారాలు ఒకే చోట పోగుపడకుండా ప్రాంతాలకు పంచడం. అన్నీ తమ జేబులకు తగిలేవే.

కార్మికుల గురించిన పేరాలను నేను రెండుసార్లు చదివాను. పూర్తిస్థాయి సామాజిక బీమా అందరికీ పని దొరికాక గాని సాధ్యం కాదని నిజం చెప్పారు. అంతవరకు ఆగనక్కర్లేనివి కొన్ని ఉన్నాయన్నారు. జబ్బు చేస్తే బీమా, జీతంతో కూడిన సెలవులు. కనీస వేతనం ముందుగా బాగా నిలదొక్కుకున్న పరిశ్రమల్లో మొదలుకావాలన్నారు. నిలదొక్కుకున్న పరిశ్రమలంటే అప్పటికి ఎవరివో వేరే చెప్పనక్కర్లేదు. ఆ పేరాలున్న పత్రం చివర ఢిల్లీ మిల్లు యజమాని సంతకం ఉంది, అహమదాబాదు మిల్లుల యజమాని సంతకం ఉంది.